పురి తిప్పిన కర్ర కలం



ఈ ప్రసంగం కర్రతో చేసే ఇంకు పెన్నుల గురించి. అందులోనూ ఒంటి మీద తాడుకు పురి తిప్పినట్టు మెలికలు చెక్కిన పెన్నుల గురించి. ఇంకు పెన్ను మాట ఎత్తగానే "ఇంకా వాటితో ఎవరు రాస్తున్నారండీ" అంటారు. రాసేవాళ్లు తగ్గిన మాట నిజమే. పెన్నులు బాగుచేసే దుకాణాలు మన ఊళ్లలో ఒకటొకటిగా మూతపడ్డాయి. అయితే చిత్రమేమిటంటే, చేత్తో చేసిన ఇంకు పెన్ను కావాలని అడిగి చేయించుకునేవాళ్లు ఈ మధ్య కొత్తగా తయారయ్యారు. కర్ర పెన్ను కావాలనేవాళ్లు వాళ్లలో కొందరున్నారు. ఈ ముచ్చట మన వడ్రంగి ఇళ్లకు, లేతు మీద కర్ర పట్టే పనివాళ్లకు ఏ మేరకు అక్కరకు వస్తుందో చూద్దాం.

మెలిక చెక్కడం మనవాళ్లకు కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. పట్టెమంచం కోళ్లు, పిల్లల తొట్టి గుబ్బలు, మేడమెట్ల చేపట్టు కింద నిలబెట్టే కర్ర ఊచలు, ఇవన్నీ తరిమెన మీద పట్టినవే. ఇప్పుడు తరిమెన అంటే చాలామందికి తెలియదు, లేతు అంటేనే తెలుస్తుంది. తమిళనాట, కన్నడ సీమలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు వడ్రంగుల ఇళ్లలో తాతలు చేసిన మంచం కోడు ఒకటైనా కనిపిస్తుంది. మంచాలు ఇప్పుడు ఫ్యాక్టరీల నుంచి విడిభాగాలుగా అట్టపెట్టెల్లో వస్తున్నాయి. వడ్రంగికి మిగిలినవి ప్లైవుడ్డు కోయడం, పైన రంగుల రేకు అంటించడం, మరలు బిగించడం. ఈ పనిలో కూలి గిడుతుంది, కాని చెయ్యి మొద్దుబారుతుంది. జానెడు పొడవు లేని కలానికి ఒక పిడికెడు కర్ర చాలు. చెయ్యి మాత్రం పూర్తిగా కావాలి.

పెన్నుల చరిత్ర కాస్త చెప్పుకుంటే తప్ప ఇందులో చిక్కు ఎక్కడుందో తెలియదు. అమెరికాలో వాటర్మన్ తన ఇంకు పెన్నుకు 1884లో పేటెంటు పొందాడు. ఆ కాలపు పెన్నులు కర్రవి కావు, ఎబొనైటువి. రబ్బరులో గంధకం బాగా దట్టించి, చాలా సేపు ఉడికిస్తే గట్టిపడి నల్లగా, నున్నగా తయారయ్యే పదార్థమది. దీనికి 1851లోనే నెల్సన్ గుడ్‌ఇయర్ పేటెంటు తీసుకున్నాడు. ఎబొనైటు అనే పేరు ఎబొనీ నుంచి వచ్చింది. ఎబొనీ అంటే నల్లచేవ కర్ర. అంటే ఖరీదైన కర్రకు బదులుగా పుట్టిన వస్తువు ఇది. తరువాత ఎరుపు, నలుపు రబ్బర్లు కలిపి కర్ర చారలు కనిపించేట్టు కూడా పెన్నులు చేశారు. మరి కర్రను అనుకరించడానికి ఇంత తంటాలు పడినవాళ్లు కర్రతోనే ఎందుకు చేయలేదు? ఎందుకంటే ఇంకులో ఉండేది నీరు, కర్ర నీటిని తాగుతుంది. ఎబొనైటు తాగదు.

మన దేశంలో చేతి పెన్నుల కథ కూడా ఎబొనైటుతోనే నడిచింది. రాజమండ్రిలో కె.వి. రత్నం గారు స్వదేశీ పెన్నుల తయారీని 1932లో మొదలుపెట్టారు. కుమారప్ప గారి ద్వారా వార్ధాకు చేరిన రత్నం పెన్నును గాంధీజీ వాడి చూసి, 1935లో మెచ్చుకుంటూ జాబు రాశారు. ఈ సంగతి తెలుగువాళ్లలో చాలామందికి తెలిసిందే. చెన్నపట్నానికి పడమట ఉన్న తిరువళ్లూరులో రంగా పెన్నులు చేస్తారు. ఎబొనైటుతో పాటు వెదురుతోనూ అక్కడ పెన్నులు చేశారు. ఈ రెండు చోట్లా పెన్ను లేతు మీదే పుడుతుంది. కాబట్టి కర్ర పట్టే పనివాడికీ పెన్ను పట్టే పనివాడికీ దూరపు చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరూ ఒకే యంత్రం ముందు కూర్చునేవాళ్లే. పట్టే సరుకు వేరు, అంతే.

ఇక కర్ర సంగతికి వద్దాం. ఏ కర్రతో చేయాలి అని అడిగితే, అన్నిటికన్నా ముందు చేవ ఉన్న కర్రతో అంటాను. చెట్టు మధ్యలో ముదురు రంగులో ఉండే భాగం చేవ. దాని చుట్టూ ఉండే లేత భాగం మెత్తనిది, పురుగు పట్టేది. మెలిక చెక్కేటప్పుడు గట్టు మీద చిన్న పెచ్చు లేచినా పని చెడుతుంది గనుక, నార దగ్గరగా, బిగువుగా ఉండాలి. చింతచేవ దీనికి చక్కటి కర్ర. ముదురు గోధుమ రంగులో, రాయిలా ఉంటుంది. ఉలిని త్వరగా మొండి చేస్తుంది, అదొక్కటే ఇబ్బంది. ఇరుగుడు అందంగా ఉంటుంది, చెక్కడానికి లొంగుతుంది. టేకులో సహజంగా నూనె ఉంది, నీటికి ఓరుస్తుంది, కాని దాని నార ముతక. సన్నటి గట్లు టేకులో అంత తీరుగా నిలబడవు. పనస పచ్చగా మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది.

ఎర్రచందనం కావాలని చాలామంది అడుగుతారు. చట్టం ఏమంటుందో తెలుసుకోకుండా ఆ కర్ర జోలికి వెళ్లవద్దు. శేషాచలం అడవుల్లోనూ ఆ చుట్టుపక్కల కొండల్లోనూ పెరిగే ఆ చెట్టు మీద ఎంత నిఘా ఉందో, దాని కోసం ఎంతమంది కూలీలు జైళ్ల పాలయ్యారో మన శ్రోతలకు తెలియనిది కాదు. బిల్లు, అనుమతి లేని ముక్క అరచేతిలో ఇమిడేంత చిన్నదైనా చిక్కే. ఇరుగుడు జాతి మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ వర్తక నియంత్రణల కిందికి వచ్చింది. కాబట్టి దానితో చేసిన పెన్నును విదేశానికి పంపేవాళ్లు ముందుగా కాగితాల సంగతి విచారించుకోవాలి.

దీనికి నాకు తోచిన మంచి మార్గం పాత కర్ర. పడగొట్టిన ఇంటి దూలం, తలుపు కమ్మీ, విరిగిన మంచం కోడు, రోకలి ముక్క, ఏదైనా సరే. యాభై ఏళ్లు ఎండి, ఆడవలసినంత ఆడి కుదుటపడిన కర్ర అది. పైగా దానికి ఒక ఇంటి పేరు ఉంటుంది. ఊళ్లో ఇల్లు అమ్మేసి పట్నం చేరిన కుటుంబాలు మన వైపు ఎన్నో ఉన్నాయి. అమ్మమ్మ మంచం కోడును దాచుకోవడానికి అపార్టుమెంటులో చోటుండదు. అదే కోటు నుంచి నాలుగు కలాలు తీసి నలుగురు మనవలకు ఇవ్వవచ్చు. ఒక్క జాగ్రత్త చెబుతాను. పాత కర్రలో విరిగిన మేకులు దాక్కుని ఉంటాయి. రంపం పెట్టేముందు అయస్కాంతం తిప్పి చూడాలి.

కర్ర ఎండిందా లేదా అన్నది ఇంత ముఖ్యం ఎందుకంటే, కర్ర చచ్చినా గాలిని పీలుస్తూనే ఉంటుంది. తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పొడవు దాదాపు మారదు, అడ్డంగానే మారుతుంది. అందుకే గుండ్రంగా పట్టిన గొట్టం కొన్నాళ్లకు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. యానాంలో గోదావరి గాలికి బిగుసుకుపోయిన మూత, వేసవిలో షోలాపూరు తీసుకువెళితే వదులవుతుంది. కాబట్టి ముక్కకు ముందు లోపలి బెజ్జం వేసి, పైన కాస్త లావుగానే పట్టి, కొన్ని వారాలు పక్కన పెట్టాలి. లోపల తెరుచుకున్న కర్ర తన వంకర తాను తిరుగుతుంది. ఆ తరువాతనే చివరి కొలతకు పట్టాలి. అవసరపడి వచ్చేవాళ్లు ఈ వారాలను ఒప్పుకోరు. వాళ్లు ఒప్పుకోకపోతే పని ఒప్పుకోకపోవడమే మేలు.

పెన్ను లోపలి భాగం గురించి రెండు మాటలు. వేళ్లతో పట్టుకునే ముక్కను కర్రతో చేయకూడదు. పాళీ, దాని కింద ఉండే నల్లటి ఫీడు అందులోనే కూర్చుంటాయి, ఇంకు తగిలేది అక్కడే. దాన్ని ఎబొనైటుతోనే చేయాలి. అంటే కర్రకు బదులుగా పుట్టిన ఎబొనైటు చివరకు కర్రకే తోడుగా వచ్చిందన్నమాట. ఆ ముక్క బాడీలోకి బిగిసేచోట కర్రలో నేరుగా మరచుట్లు కోస్తే నాలుగు నెలల్లో అరిగి జారుతాయి. బాడీ నోటి దగ్గర ఒక అంగుళంలో సగం మేర ఎబొనైటు ఒర దిగగొట్టి, ఎపాక్సీతో అతికి, ఆ ఒరలో మరచుట్లు కోయాలి. మూతకూ ఇదే పద్ధతి. మన పాత పెన్నులు చాలావరకు ఫిల్లరుతో బాడీలోకే ఇంకు పోసుకునేవి. కర్ర పెన్నుకు ఆ పద్ధతి పనికిరాదు, నాలుగు రోజుల్లో ఇంకు నారలోకి పాకి బయటికి మచ్చలు కడుతుంది. ఇంకును పీల్చుకునే చిన్న గొట్టం, కన్వర్టరు అంటారు, అది పెట్టాలి.

పాళీ బజారులో దొరుకుతుంది. మన దేశపు పాళీలు ఉన్నాయి, జర్మనీ నుంచి వచ్చేవీ ఉన్నాయి. దాన్ని మనం చేయనక్కరలేదు, సరిగ్గా కూర్చోబెడితే చాలు.

ఇప్పుడు మెలిక. కాగితం, పెన్సిలు దగ్గరున్నవాళ్లు రాసుకోవచ్చు. లెక్క చాలా సులువైనది, ఇందులో ఒక అందమైన యాదృచ్ఛికం కూడా ఉంది. బాడీని సరిగ్గా అరంగుళం మందానికి పట్టామనుకోండి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దాని చుట్టుకొలత 39.9 మిల్లీమీటర్లు, అంటే వెంట్రుకవాసి తేడాతో నాలుగు సెంటీమీటర్లు. సెంటీమీటరు గళ్లున్న గ్రాఫు కాగితం నుంచి నాలుగు గళ్ల వెడల్పు, ఆరు గళ్ల పొడవు ముక్క కత్తిరించండి. దాన్ని బాడీకి చుడితే అంచుకు అంచు తాకుతుంది. చుట్టకముందే కింది అంచున ఉన్న ప్రతి గడి మూల నుంచి పైకి, కుడివైపుకు ఏటవాలుగా, గడి గడికీ మూల నుంచి మూలకు గీత గీయాలి. కుడి అంచు చేరిన గీతను అదే ఎత్తున ఎడమ అంచు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. కాగితం చుట్టగానే గీతలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి, నాలుగు తీగలు బాడీని పెనవేసుకుని పైకి పాకినట్టు కనిపిస్తాయి. ఒక్కొక్క తీగ నాలుగు సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరుగుతుంది, ఆరు సెంటీమీటర్లలో ఒకటిన్నర చుట్టు.

కుడివైపుకు ఏటవాలు అన్నాను. ఇది మామూలు మర తిరిగే దిక్కు. పందిరి కర్రను చుట్టుకునే తీగల్లో ఎక్కువ భాగం కూడా ఈ దిక్కునే తిరుగుతాయి. ఎడమవైపుకు గీస్తే ఎదురు మెలిక వస్తుంది. రెండు పెన్నులు జతగా ఇవ్వదలచినప్పుడు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిప్పితే, పక్కపక్కన పెట్టినప్పుడు ద్వారబంధానికి రెండు వైపులా నిలబెట్టిన స్తంభాల్లా ఉంటాయి. పెళ్లికి కానుకగా ఇలా అడిగేవాళ్లున్నారు.

నలభై అయిదు డిగ్రీల ఏటవాలు ఎందుకంటే, మెలికను అంతకన్నా అడ్డంగా తిప్పితే గాడి కర్ర నారను మరీ అడ్డంగా తెంపుతుంది. అక్కడ బాడీ బలహీనమవుతుంది, చూపుకు కూడా బోల్టులా ఉంటుంది. మరీ నిలువుగా తిప్పితే బలానికి ఢోకా లేదు, కాని మెలిక ఉందో లేదో తెలియదు. వాలు కుదిరిందా లేదా అన్నది ఉలి పట్టకముందు కాగితం మీదే చూసుకోవచ్చు. అందుకే ఈ కాగితం పద్ధతి నాకు ఇష్టం.

గీతలు నాలుగు వచ్చాయి గదా, అవి నాలుగు గాడులు. ఒక గాడికీ పక్క గాడికీ మధ్య, ఏటవాలుకు అడ్డంగా కొలిస్తే ఏడు మిల్లీమీటర్లు ఉంటుంది. అందులో గాడికి మూడు, గట్టుకు నాలుగు ఇవ్వండి. పొలంలో కాలువ వెడల్పు చేస్తే గట్టు సన్నబడి తెగుతుంది, ఇక్కడా అంతే. లోతు ఒక మిల్లీమీటరు మించరాదు. బాడీ మందం 12.7, లోపలి బెజ్జం ఎనిమిదిన్నర అనుకుంటే, గోడ మందం రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. ఒకటి తీసేస్తే ఒకటి మిగులుతుంది. అంతకన్నా లోతు కావాలని ఉబలాటపడేవాళ్లు తోక వైపు చూడాలి. కన్వర్టరు అక్కడిదాకా రాదు గనుక చివరి రెండు సెంటీమీటర్లు బెజ్జం లేని నిండు కర్రగా వదలవచ్చు, అక్కడ గాడిని క్రమంగా లోతు చేసుకుంటూ పోవచ్చు. నోటి వైపు మాత్రం, లోపల ఒర ఉన్నంత మేరా, గాడి రానివ్వకూడదు. అక్కడ సాదా పట్టీ వదలాలి.

కోయడం ఇలా. లేతు కరెంటు పూర్తిగా తీసేసి, బాడీని చువ్వకు తొడిగి, రెండు మొనల మధ్య బిగించాలి. ఎడమచేత్తో మెల్లగా తిప్పుతూ, కుడిచేత్తో సన్నపళ్ల రంపాన్ని గీత వెంట నడపాలి. రంపపు అంచుకు మిల్లీమీటరు కన్నా కాస్త తక్కువ వదిలి టేపు అంటిస్తే లోతు దానంతట అదే ఆగుతుంది. నాలుగు గీతలూ కోశాక గుండ్రటి సన్న ఆకురాయితో గాడిని వెడల్పు చేయాలి. ఇక్కడ ఒక మెళకువ ఉంది. మెలికలో ప్రతి గాడికీ రెండు చెంపలుంటాయి. ఆకురాయిని ఎప్పుడూ గట్టు మీది నుంచి గాడిలోకి దింపాలి, గాడి నుంచి గట్టు మీదికి ఎక్కించకూడదు. ఎక్కిస్తే నార లేచి గట్టు అంచు పెచ్చులూడుతుంది. ఇది చేతికి అలవాటయ్యేదాకా మెలకువగా ఉండాలి, అలవాటయ్యాక చెయ్యే చూసుకుంటుంది. తరువాత ఉప్పుకాగితం. ముతకది, నడిమిది, సన్నది వరసగా వాడాలి. కాగితాన్ని సన్నని పేలికలుగా చింపి, చెప్పుల దుకాణంలో బూటుకు పాలిషు పెట్టినట్టు గాడిలో అటూ ఇటూ లాగాలి. గాడులు కోయడానికి ఒక పూట, నునుపు చేయడానికి ఇంకో పూట పడుతుంది. తొందరపడితే కనిపించేది ఈ నునుపులోనే.

గట్టు పైభాగాన్ని చాలామంది గుండ్రంగా చేస్తారు. మేజాకాలుకు అది అందమే. కలానికి మాత్రం కాస్త చదునుగా వదలడం మంచిదని నా అభిప్రాయం. రాసేటప్పుడు బాడీ బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య సందులో ఆనుతుంది. అక్కడ గుండ్రటి గట్టు ఒక్కచోటే ఒత్తుతుంది. ఒక కార్డు రాయడానికి ఇబ్బంది ఉండదు, నాలుగు పుటలు రాస్తే చేతికి అచ్చు పడుతుంది. చదును గట్టు బరువును పంచుతుంది. అద్దాల బీరువాలో పెట్టే కలం వేరు, జేబులో పెట్టే కలం వేరు. మనం చేసేది ఏదో ముందే తేల్చుకోవాలి.

మూత మీద మెలిక చెక్కవద్దు. మూత బాడీని మింగాలి గనుక దాని మందం ఎక్కువ, కాని లోపల బెజ్జం పెద్దది, గోడ పలుచన. క్లిప్పు కోసం కోత కూడా ఉంటుంది. పైగా దాని చుట్టుకొలత నాలుగు సెంటీమీటర్లు కాదు గనుక, బాడీ మెలికా మూత మెలికా ఒకదానితో ఒకటి కలవవు. సాదా మూత పక్కన మెలిక తిరిగిన బాడీ, రవికె సాదాగా ఉన్నప్పుడు చీర అంచులా ఎత్తి కనిపిస్తుంది.

రంగు విషయంలో మనకు దగ్గరలోనే మంచి గురువులున్నారు. బెంగుళూరు, మైసూరు దారిలో చెన్నపట్న ఉంది. అక్కడి బొమ్మల కర్రను కన్నడంలో ఆలె మర అంటారు. అటు వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మలు చేసేది అంకుడు కర్రతో. పేర్లు రెండు, చెట్టు ఒక్కటే. తెల్లటి, మెత్తటి, నార కనిపించనంత సన్నటి కర్ర. రెండు ఊళ్లలోనూ లక్కతోనే రంగు వేస్తారు. కర్ర లేతు మీద తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో ఒత్తి మెరుగు పెడతారు. ఏటికొప్పాకలో చెట్ల నుంచి తీసిన రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఈ లక్క పని మెలికకు ఎంత చక్కగా కుదురుతుందో చూడండి. బాడీ నున్నగా ఉండగానే లక్క పట్టించి, మెరుగు పెట్టి, ఆ తరువాత గాడులు కోయాలి. గాడిలో తెల్లటి కర్ర బయటపడుతుంది, గట్టు మీద ఎర్ర లక్క నిలుస్తుంది. రంగు రిబ్బను చుట్టినట్టుంటుంది, కుంచె ముట్టనక్కరలేదు. గట్టు చదునుగా వదలమన్నది ఇక్కడ ఇంకో విధంగా కూడా కలిసివస్తుంది, గుండ్రం చేస్తే లక్క పోతుంది. అంకుడు మెత్తని కర్ర గనుక గాడి లోతు మరికాస్త తగ్గించాలి. లక్క స్పిరిటులో కరుగుతుంది, అందుచేత చేతులకు శానిటైజరు రాసుకుని తడి ఆరకుండా ఆ కలం పట్టుకోవద్దని కొనేవాళ్లకు చెప్పి ఇవ్వాలి.

చింత, ఇరుగుడు లాంటి వాటికి రంగు అక్కరలేదు. ఉడికించిన అవిసె నూనె పలుచగా రుద్ది, మిగిలింది తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ రుద్దితే చాలు. సూపర్ గ్లూ పూతతో అద్దంలాంటి మెరుపు తెచ్చేవాళ్లున్నారు. మెరుపు వస్తుంది గాని, ఆ పూత గాడుల్లో దిగబడి మెలిక పదును చెరుపుతుంది, చేతికి ప్లాస్టిక్ పట్టుకున్నట్టుంటుంది. ఆ మాత్రానికి కర్ర ఎందుకు? అవిసె నూనె తుడిచిన గుడ్డపేలికలను మాత్రం ఉండచుట్టి మూలన పడేయవద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి, ఆరుబయట దండెం మీద ఆరేసి, తరువాత పారేయాలి.

పొడి సంగతి కూడా చెప్పాలి. ఇరుగుడు పొడి కొందరికి చర్మం మీద దురద, దద్దుర్లు తెస్తుంది. కర్ర పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కులోపల క్యాన్సరు రావచ్చని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. ఉప్పుకాగితం పట్టేటప్పుడు లేచే సన్నపొడి మరీ చెడ్డది. మనవాళ్లు తుండుగుడ్డ మూతికి చుట్టుకుని సరిపెట్టుకుంటారు. అది చాలదు, మంచి మాస్కు కావాలి. ఆ తుండుగుడ్డ కొంగు తిరిగే లేతులో చిక్కుకుంటే ఇంకో ప్రమాదం.

మెలికను యంత్రంతో కోయడం ఈనాటి మాట కాదు. లండనులో హోల్జాఫెల్ అనే సంస్థ కర్రా దంతమూ మీద చిత్రమైన మెలికలు కోసే లేతులు చేసి, ధనవంతుల వినోదానికి అమ్మేది. పళ్లచక్రాల వరసతో కర్ర తిరగడమూ ఉలి జరగడమూ ఒకదానితో ఒకటి ముడిపెట్టడం అందులోని కీలకం. ఆ పని గురించి వాళ్లు వేసిన పెద్ద గ్రంథం 1884లో, అంటే వాటర్మన్ పేటెంటు ఏడాదే వచ్చింది. ఇప్పుడు కంప్యూటరుతో నడిచే లేతు అదే మెలికను నిమిషాల్లో కోసి పెడుతుంది, నూటికి నూరు ఒకేలా. దానితో పోటీపడి చేత్తో కోసిన మెలికను అదే ధరకు అమ్మాలని చూస్తే పనివాడు నష్టపోతాడు.

అందుకని ధర గురించి మొహమాటం పనికిరాదు. లెక్క ఇలా వేసుకోండి. పాళీ, కన్వర్టరు, ఎబొనైటు కడ్డీ ముక్క, క్లిప్పు, వీటి ఖర్చు ఒక పక్క. కర్ర కోయడం, బెజ్జం, లేతు పని, ఒర దించడం, మెలిక, నునుపు, నూనె, పాళీ సరిచూడడం, వెరసి మూడు రోజుల పని. మూడు రోజుల మంచి పనివాడి కూలి ఇంకో పక్క. పగిలిపోయే ముక్కలు ఎలాగూ ఉంటాయి, వాటి భారం కూడా అమ్ముడుపోయే వాటి మీదే పడాలి. ఈ మొత్తానికి తగ్గించి ఇస్తే అది ముచ్చట అవుతుంది గాని వృత్తి కాదు. హస్తకళల సంతల్లో దండిగా పొగిడి, సగం ధరకు బేరమాడేవాళ్లు తగులుతారు. పొగడ్త తీసుకుని పెన్ను వెనక్కి తీసుకోవడమే.

ఒక్క పెన్నుల మీద ఇల్లు గడుస్తుందని నేను చెప్పను. ప్లైవుడ్డు పని పక్కన నెలకు నాలుగైదు కలాలు అయితే, ఆ నాలుగైదింటి కోసం ఉలి పదును పెట్టక తప్పదు, గ్రాఫు కాగితం తీయక తప్పదు. పక్కన నిలబడి చూసే పదో తరగతి పిల్లవాడికి చుట్టుకొలత లెక్క ఎందుకు నేర్పారో అక్కడ తెలుస్తుంది. వాడు రంపం పట్టుకుంటానంటే మొదట పెన్ను ముక్క ఇవ్వవద్దు. చీపురుకర్రను అరంగుళానికి పట్టి, కాగితం చుట్టి ఇవ్వండి. కర్రదేమీ పోదు. పది చీపురుకర్రలయ్యాక చింతచేవ ఇవ్వవచ్చు.

కొనుక్కునేవాళ్లకు రెండు సూచనలు. దుకాణంలో కర్ర కలం చేతికి తీసుకోగానే మెలిక చూసి మురిసిపోకండి. ముందు మూత తిప్పి చూడండి, మరచుట్లు కర్రలో ఉన్నాయా, ఒరలో ఉన్నాయా అని. ఇంకు పోయించి నాలుగు వరుసలు రాసి చూడండి. గాడి అంచున వేలు నడిపితే ఎక్కడా గుచ్చుకోకూడదు. ఇంటికి తెచ్చాక ఎండ పడే కిటికీలోనూ, ఏసీ గాలి నేరుగా తగిలేచోటా పెట్టవద్దు. పెన్నును నీళ్లలో నానబెట్టి కడగడం మనకు అలవాటు. కర్ర పెన్నును అలా చేయరాదు. పాళీ ఉన్న ముక్కను మాత్రం విప్పి, దాన్నే గోరువెచ్చగా కూడా కాని మామూలు నీళ్లలో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఒక రాత్రి ఆరనిచ్చి బిగించండి. ఏడాదికి ఒకసారి బాడీకి చుక్క అవిసె నూనె రుద్దితే చాలు, లక్క కలానికైతే అదీ అక్కరలేదు, మెత్తటి పొడిగుడ్డ చాలు.